పూల దుస్తులు వాడిపోకుండా ఎలా నిలుస్తాయి?

ప్రశ్న: ఒక ప్రదర్శనలో రంగస్థల వేషాల నమూనాలో తాజా పూలతో తీర్చిన నిలువెత్తు బొమ్మలను చూశాను. ఎక్కడా నీళ్లు కనిపించలేదు. ఆ పూలు రోజుల తరబడి ఎలా నిలుస్తాయి?

జవాబు: నీళ్లు ఉంటాయి, వాటిని కంటపడకుండా దాచడంలోనే కళాకారుల నేర్పు ఉంది. నడుము కింద సన్నని ఇనుప వలను కుచ్చిళ్ల ఆకారంలో వంచి, అందులో తడి నాచు కూరి, పూలకాడలను గుచ్చుతారు. ఆర్కిడ్లకైతే రబ్బరు మూత ఉన్న చిన్న నీటిగొట్టాలను ఒక్కొక్క కాడకూ తొడిగి, ఆకుల చాటున ఉంచుతారు. ఒంటికి అతుక్కున్నట్లు ఉండవలసిన రవిక భాగంలో గొట్టాలకు చోటుండదు కనుక, కార్నేషన్ రేకులను, ఎండినా రంగు నిలుపుకొనే స్టాటిస్ పూలను ప్రత్యేకమైన జిగురుతో అంటిస్తారు. హైడ్రేంజియా పూలగుత్తి నీరందకపోతే త్వరగా తలవాల్చేస్తుంది. దాన్ని జిగురుకు అప్పగించడం నాకు అన్యాయమనిపిస్తుంది.

నీటిని పీల్చుకొనే ఆకుపచ్చ ఫోమ్ పనిని సులువు చేస్తుంది గానీ, అది ప్లాస్టిక్. దాని పొడి నీటిలో కలిసి మిగిలిపోతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దాన్ని నిషేధించడం సరైన నిర్ణయమే. ప్రదర్శన సాగినన్నాళ్లూ రోజూ నాచును తడిపి, వడలిన పూలను మార్చాలి. దగ్గర్లో పండ్లు ఉంచకూడదు. వాటినుంచి వెలువడే ఇథిలీన్ వాయువు వల్ల కార్నేషన్లు ముడుచుకుపోతాయి.