ఇంక్‌జెట్ రంగులకు గంజి పూత పనికొస్తుందా?

ప్రశ్న: నేను చిన్న డీటీపీ షాపు నడుపుతున్నాను. ట్యాంకు ప్రింటరులో 75 జీఎస్ఎం జెరాక్స్ కాగితంపై రంగుల బొమ్మలు తీస్తే వెలిసినట్టుగా వస్తున్నాయి, అక్షరాల అంచులు పాకుతున్నాయి, కాగితం అలలుగా లేస్తోంది. ఫోటో పేపరు వాడితే గిట్టుబాటు కావడం లేదు. కాగితానికి పలుచగా గంజి పెట్టి గానీ, పటిక నీళ్లు పూసి గానీ వాడవచ్చునని ఒకరు చెప్పారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: సగం నిజం. గంజి, పటిక రెండూ కాగితం మిల్లులు ఎరిగినవే గానీ, వాటి పనులు వేరు.

ఇంక్‌జెట్ సిరాలో అధిక భాగం నీరే. ఆ నీటితో పాటు రంగు కూడా కాగితపు నారల వెంట పక్కలకూ లోపలికీ పాకిపోవడం వల్ల అంచులు చెదురుతాయి; పైన మిగిలే రంగు తగ్గి బొమ్మ వెలవెలబోతుంది. అందుచేత కాగితాన్ని సిద్ధం చేయడమంటే నీటిని త్వరగా పీల్చుకోనిస్తూనే రంగును పైపొరలో పట్టి నిలపడం. గంజి నారల మధ్య సందులను కొంత పూడ్చి పాకుడును తగ్గిస్తుంది, రంగును మాత్రం పట్టుకోదు. చిక్కగా పూస్తే సిరా ఇంకక చేతికంటుతుంది. ఎండిన గంజి పొట్టుగా రాలి రోలర్లను పాడుచేస్తుంది.

రంగును పట్టుకునే గుణం కొంతవరకు పటికకు ఉంది. డై సిరాలలోని (నీటిలో కరిగిన రంగుతో చేసిన సిరాలు) రంగులు చాలావరకు రుణావేశం కలవి కనుక, పటికలోని ధనావేశపు అల్యూమినియం వాటిని బంధించి నారపై నిలుపుతుంది. కలంకారీ పనివారు బట్టకు పటిక పట్టించడంలోని కిటుకు దీనికి దగ్గరిదే. అయితే పటిక నీటికి ఆమ్లగుణం ఉంది. పటిక, రోజనం (పైన్ చెట్టు జిగురు) కలిపి తయారుచేసిన పాత పుస్తకాల కాగితం పసుపుబారి పెళుసెక్కడానికి ఆ ఆమ్లం ఒక ముఖ్య కారణం. నాలుగు రోజులు గోడకుండే ప్రకటనకు ఫరవాలేదు గానీ, జనం దాచుకునే ఫోటోకు పటిక పూయవద్దు.

చాలా ట్యాంకు ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ సిరా (నీటిలో కరగని సన్నని రంగు రేణువులది), మిగిలిన మూడు రంగులూ డై సిరాలు. పిగ్మెంట్ రేణువులు పైనే గడ్డకట్టేందుకు మిల్లులు కాల్షియం క్లోరైడ్ వంటి లవణాన్ని కాగితానికి పట్టిస్తాయి. కలర్‌లాక్ గుర్తున్న కాగితం ఈ కోవకు చెందినదే. ఆ లవణం గాలిలోని తేమను లాగుతుంది కనుక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే మన తీరంలో చేత్తో పూసే ప్రయత్నం చేయకపోవడమే మేలు.

మీ షాపుకు నా సలహా: మెరుపు ఫోటో పేపరుకూ జెరాక్స్ కాగితానికీ మధ్య మ్యాట్ ఇంక్‌జెట్ కాగితం ఉంది. దానిపై సన్నని సిలికా పొడిని పాలీవినైల్ ఆల్కహాల్ వంటి జిగురుతో పూస్తారు. ఆ పూతలోని సన్నని రంధ్రాలు నీటిని పీలుస్తాయి, పూతలో కలిపిన ధనావేశపు పదార్థం రంగును ఆపుతుంది. బొమ్మలకు అది వాడి, సెట్టింగులలో కాగితం రకాన్ని తప్పక మార్చండి. జెరాక్స్ కాగితానికి ఫోటో పేపరు సెట్టింగు పెడితే సిరా ఎక్కువై, మీరు చెప్పిన అలలే లేస్తాయి. చాలామంది కాగితాన్ని నిందించేది ఇక్కడే.

ప్రశ్న: మ్యాట్ కాగితానికి పూత ఏ వైపు ఉందో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సాధారణంగా ఎక్కువ తెల్లగా ఉన్న వైపు. అనుమానముంటే వేలిని కాస్త తడిచేసి మూలన ఆనించండి. అంటుకున్నట్టు అనిపించేది పూత వైపు.