గిరాకీ తగ్గిన ఏడాదిలో అబ్బాయి అమెరికా ప్రయాణం, అమ్మాయి చదువు

ప్రశ్న: నమస్కారం సార్. మాది హనుమకొండ. మావారికి టైల్స్, శానిటరీ సామాను దుకాణం ఉంది. రెండేళ్ల కిందటి వరకు దుకాణం ఖర్చులు పోను నెలకు 80 వేలు మిగిలేవి. ఇప్పుడు 35 వేలు మిగలడమే కష్టంగా ఉంది. అందులో ఇంటి అప్పు వాయిదా 18 వేలు. అబ్బాయి 2024లో బీటెక్ సీఎస్ఈ పూర్తి చేశాడు. క్యాంపస్‌లో ఎంపికయ్యాడు కానీ, చేరే తేదీని ఏడాది పాటు జరుపుతూ వచ్చి చివరికి రద్దు చేశామని మెయిల్ పంపారు. అమెరికాలో ఎంఎస్‌కు వెళ్తానంటున్నాడు, సీటు కూడా వచ్చింది. హసన్‌పర్తి వైపు ఉన్న 200 గజాల ప్లాటు అమ్ముదామంటే అడిగేవాళ్లు లేరు. ఆ ప్లాటు, మా మామగారి ఇల్లు తనఖా పెడితే 40 లక్షలు అప్పు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం, లెక్కల్లో ముందుంటుంది. ఇద్దరినీ చదివించే పరిస్థితి లేదు కనుక ఆమెను దగ్గర్లో డిగ్రీలో చేర్పించి, మంచి సంబంధం వస్తే పెళ్లి చేద్దామని మావారు అంటున్నారు. అబ్బాయిని పంపమంటారా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది అబ్బాయి గురించి. అయితే మీ ఉత్తరం చివర, ఇప్పటికే తేల్చుకున్న విషయంలా రాసిన అమ్మాయి సంగతి నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. ఈ రెండూ ఒకే డబ్బుకు సంబంధించినవి కాబట్టి విడదీయకుండా రాస్తున్నాను.

ముందుగా మీ దుకాణానికి ఏమైందో చూద్దాం, ఎందుకంటే మీ అబ్బాయికి వచ్చిన ఆ మెయిల్‌కూ మీ గల్లాపెట్టె ఖాళీ కావడానికీ సంబంధం ఉంది. దేశం మొత్తం లెక్క తీస్తే మనం మాంద్యంలో లేము. వరసగా రెండు త్రైమాసికాలు ఉత్పత్తి తగ్గితే మాంద్యమని అంటారు, అది మనకు చివరిసారి జరిగింది 2020లో, కరోనా లాక్‌డౌన్ల కాలంలో. కానీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో 2022 చివరి నుంచే మందగమనం మొదలైంది. మెటా 2022 నవంబరులో 11 వేల మందిని, గూగుల్ 2023 జనవరిలో 12 వేల మందిని తీసేశాయి. 2023-24 ఆర్థిక సంవత్సరంలో మన దేశపు కంపెనీలైన టీసీఎస్‌లో ఉద్యోగుల సంఖ్య 13 వేలకు పైగా, ఇన్ఫోసిస్‌లో దాదాపు 26 వేలు తగ్గింది. తెలుగు ఇళ్లలో ఈ జీతాలతోనే ప్లాట్లు కొన్నారు, ఫ్లాట్లు బుక్ చేశారు, ఊళ్లో అమ్మానాన్నలకు ఇల్లు కట్టించారు. డాలస్‌లోనో గచ్చిబౌలిలోనో ఒకరు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక ఇల్లు కట్టడం వచ్చే ఏడాదికి వాయిదా వేసుకుంటే, హనుమకొండలో మీ దుకాణానికి బాత్రూం టైల్స్ కోసం రావలసిన మనిషి రాడు. అందుకే టీవీలో వృద్ధి రేటు బాగుందని చెబుతున్న రోజునే మీ దుకాణంలో బోణీ కాకపోవచ్చు, ఆ రెండూ నిజమే.

ఈ దెబ్బ కింది మెట్టు మీద ఎలా పడుతుందో మీ వారికి నాకంటే బాగా తెలుసు. పొద్దున అడ్డా మీద నిలబడే టైల్స్ మేస్త్రీలు, కూలీలు మామూలు రోజుల్లో తొమ్మిది కాకముందే పనికి వెళ్లిపోతారు. ఈ మధ్య నేను పదిన్నరకు అటుగా వెళ్తే ఇంకా ఇరవై ముప్పై మంది ఉన్నారు. అందులో ఒకాయన సద్ది డబ్బా మూత తీసి అక్కడే నిలబడి తినేస్తున్నాడు, ఎందుకంటే ఇక ఆ రోజు పని దొరకదని ఆయనకు అర్థమైపోయింది. ఆయనకు ఆ రోజు కూలి పోతే కిరాణా కొట్టులో ఉద్దెర పెరుగుతుంది, కిరాణా ఆయన చీటీ కట్టడం ఆలస్యమవుతుంది. చీటీలు నడిపేవారిని అడిగి చూడండి: మంచి రోజుల్లో చివరి వరకు ఆగి పూర్తి మొత్తం తీసుకుందామనుకునే వాళ్లే, చెడ్డ రోజుల్లో మూడో నెలకే పోటీపడి పాడుకుంటారు, ఎంత నష్టానికైనా సరే. ఏ ఊళ్లో డబ్బు ఎంత బిగుసుకుందో తెలుసుకోవడానికి చీటీ పాట కంటే మంచి కొలత నాకు కనిపించలేదు. ప్లాటును అడిగేవాళ్లు లేరని మీరు రాసిన దానికీ ఇదే కారణం.

ఈ నేపథ్యంలో 40 లక్షల అప్పు లెక్క వేద్దాం. 11 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు, నెలకు సుమారు 55 వేల రూపాయల వాయిదా అవుతుంది. చదువుకునే కాలంలో వాయిదా ఉండదని కన్సల్టెన్సీ వారు చెప్పే ఉంటారు. అది నిజమే, కానీ వడ్డీ ఆగదు. డబ్బును సెమిస్టరు వారీగా తీసుకున్నా, చదువు ముగిసేసరికి కట్టవలసిన మొత్తంలో మరికొన్ని లక్షలు చేరతాయి. పైగా 2022 మొదట్లో 75 రూపాయల దగ్గరున్న డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. అంటే 25 వేల డాలర్ల ఫీజు అప్పట్లో పద్దెనిమిదిన్నర లక్షల పైచిలుకు అయితే, ఆ రేటుకు ఇరవై రెండున్నర లక్షలు. సీటు అదే, పాఠాలు అవే, నాలుగు లక్షల దాకా ఎక్కువ.

మీ అబ్బాయికి అక్కడ ఉద్యోగం వస్తే ఈ వాయిదా పెద్ద భారం కాదు, నెలకు ఆరు వందల చిల్లర డాలర్లు. కాబట్టి ఉద్యోగం వస్తే ఏమవుతుందన్న దానితో మనకు పని లేదు. రాకపోతే ఏమవుతుందన్నదే తేల్చుకోవాలి. ఎంఎస్ తరువాత ఓపీటీ (చదివిన రంగంలో తాత్కాలికంగా పనిచేసుకునే అనుమతి) కింద ఒక ఏడాది, సైన్స్, ఇంజనీరింగ్ చదివిన వారికి మరో 24 నెలలు పనిచేసుకునే వీలుంది. అయితే మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. చదువుకునేటప్పుడు క్యాంపస్ లోపల వారానికి 20 గంటలు మాత్రమే పని చేయవచ్చు. బయట హోటళ్లలో, పెట్రోలు బంకుల్లో చేసే పని నిబంధనలకు విరుద్ధం, దొరికితే వీసాకే ముప్పు. ఖర్చులు పార్ట్‌టైంతో వెళ్లిపోతాయని ఎవరైనా చెబితే ఆ మాట మీద తనఖా పెట్టకండి. ఉద్యోగం లేకుండా అబ్బాయి తిరిగివస్తే ఆ 55 వేలు మీ దుకాణం మీద పడతాయి. ఇంటి వాయిదా పోను మీ చేతిలో మిగిలేది 17 వేలు. అందులోనే బియ్యం, కరెంటు, మందులు అన్నీ. ఆరు నెలలు కూడా లాగలేరు, ఏడో నెలలో మామగారి ఇంటి మీదికి నోటీసు వస్తుంది. ఆ వయసులో ఆయనను ఆ స్థితికి తెచ్చే నిర్ణయానికి నేను అవునని చెప్పలేను.

అందుకని నా సలహా: ఈసారి పంపవద్దు. సీటు మాత్రం వదులుకోవద్దు. చాలా విశ్వవిద్యాలయాలు అడిగితే ప్రవేశాన్ని ఒక సెమిస్టరో ఏడాదో వాయిదా వేస్తాయి. అబ్బాయి చేత ఈ వారమే మెయిల్ రాయించండి.

అయితే మరో ఏడాది ఇంట్లో కూర్చోమని కాదు నా అర్థం. ఆ కుర్రవాడి మీద పడుతున్న ఒత్తిడి నాకు తెలుసు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి ఉంటాడు, "ఏం చేస్తున్నావు?" అని అడుగుతారేమోనని. నేను 2009లో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ప్లేస్‌మెంట్ బాధ్యతలు చూసేవాడిని. 2008 సెప్టెంబరులో అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది, 2009 జనవరి 7న హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కుంభకోణం బయటపడింది. మా విద్యార్థులు చాలామంది ఆఫర్ లెటర్లు పట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోయారు. వారిలో ఒకరు రోజూ నాకు ఫోన్ చేసి జాయినింగ్ గురించి అడిగేవాడు. ఇంకొకరు ఒక విత్తనాల కంపెనీ గోదాములో ఆరు వేల జీతానికి స్టాకు లెక్కలు రాయడానికి చేరాడు. బస్తాల లెక్క రోజూ తప్పుతుంటే విసిగి, తనే ఒక చిన్న డేటాబేస్ తయారుచేశాడు. నియామకాలు మళ్లీ మొదలైనప్పుడు ఇంటర్వ్యూలో అతన్ని నలభై నిమిషాలు ఆ గోదాము గురించే అడిగారు. మొదటి కుర్రవాడి తెలివితేటలు ఏమాత్రం తక్కువ కాదు, కానీ రెండేళ్లు ఏం చేశావని అడిగితే అతని దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. ఆ బాధ్యతలో నా వంతూ ఉంది, "కాస్త ఓపిక పట్టు" అని ప్రతిసారీ చెప్పింది నేనే.

గడ్డుకాలంలో డిగ్రీ చేతికొచ్చిన వారి జీతాలు చాలా ఏళ్ల పాటు తోటివారి కంటే వెనకబడి ఉంటాయని అమెరికా, కెనడా దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అదే పరిశోధనల్లో మరో సంగతీ ఉంది: చిన్న సంస్థలో మొదలుపెట్టినా, తరువాత మెరుగైన సంస్థలకు మారినవారు ఆ వెనుకబాటును క్రమంగా పూడ్చుకున్నారు. కాబట్టి మొదటి ఉద్యోగం గొప్పదిగా ఉండనక్కరలేదు, మొదలవడం ముఖ్యం. టెస్టింగ్, సపోర్టు, ఆసుపత్రుల, బిల్లింగ్ సంస్థల సాఫ్ట్‌వేర్ నిర్వహణ, నాట్స్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఏడాది అప్రెంటిస్ శిక్షణ, ఇవన్నీ చూడాలి. జీతం తక్కువైనా పీఎఫ్, ఈఎస్ఐ ఉన్న చోటును ఎంచుకోమనండి. జీతపు చీటీ, పీఎఫ్ ఖాతా రేపు అనుభవానికి రుజువులు, ఈఎస్ఐ ఉంటే అనారోగ్యం వచ్చినప్పుడు చీటీ పాడుకోవలసిన అవసరం రాదు. ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చేస్తున్నాను. రెండు మూడు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం, అనుభవ పత్రం ఇప్పిస్తామనే వాళ్లు ఇలాంటి రోజుల్లోనే ఎక్కువవుతారు. దొంగ అనుభవం వెరిఫికేషన్‌లో బయటపడితే తరువాత నిజమైన అవకాశం కూడా పోతుంది.

అబ్బాయి దుకాణంలో కూర్చుంటే తప్పేమీ లేదు. నాన్నగారి ఉద్దెర బాకీలు ఎవరి దగ్గర ఎన్ని నెలలుగా ఆగిపోయాయో కంప్యూటర్‌లో ఎక్కించి వసూలుకు తిరిగితే, అది ఇంటికి వెంటనే పనికొచ్చే పని. అయితే అది ఉద్యోగ ప్రయత్నానికి తోడుగా ఉండాలి, దాని బదులుగా కాదు. ఏడాది తరువాత అతని చేతిలో అనుభవం, కొంత పొదుపు ఉండి, అప్పు 40 లక్షల నుంచి తగ్గే దారి ఉంటే, అమెరికా సంగతి అప్పుడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

ఇక అమ్మాయి విషయం. ఆదాయం తగ్గినప్పుడు ఇళ్లలో ఖర్చులు ఒక వరసలో తగ్గుతాయని ఇన్నేళ్లలో గమనించాను. ముందు బయటి తిండి, కొత్త బట్టలు, తరువాత తల్లి తన మందులు రెండు రోజులకొకటి వేసుకోవడం, ఆ తరువాత ఆడపిల్ల చదువు. ఈ చివరిదాన్ని ఎవరూ కోత అనుకోరు, "దగ్గర్లో చదువుకుంటుంది" అంటారు. మీ ఉత్తరంలో ఆమె లెక్కల్లో ముందుంటుందన్న మాట, డిగ్రీతో సరిపెడదామన్న మాట ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆమె ఏమనుకుంటోందో మాత్రం లేదు. దయచేసి అడగండి.

ఆమె చదువుకు 40 లక్షలు అక్కరలేదు. మీ ఊళ్లోనే వరంగల్ నిట్ ఉంది. దాని సీట్లలో సగం తెలంగాణ విద్యార్థులకే. కుటుంబ వార్షికాదాయం లక్ష నుంచి 5 లక్షల లోపు ఉన్నవారికి నిట్‌లలో ట్యూషన్ ఫీజులో మూడింట రెండు వంతుల రాయితీ ఉంటుంది. నెలకు 35 వేల చొప్పున మీ ఆదాయం ఏడాదికి 4 లక్షల 20 వేలు, అంటే ఆ పరిమితిలోనే ఉన్నారు. ఏడాదికి లక్షా పాతిక వేల ట్యూషన్ ఫీజులో ఆమె కట్టవలసింది 42 వేల లోపే, హాస్టలు ఖర్చు వేరు. జేఈఈ మెయిన్‌లో అంత ర్యాంకు రాకపోతే ఈఏపీసెట్ ద్వారా కాకతీయ విశ్వవిద్యాలయం, జేఎన్టీయూ కళాశాలల్లో కన్వీనర్ కోటా సీటుకు ప్రయత్నించాలి. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పట్టణాల్లో ఆదాయ పరిమితి 2 లక్షలు కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు. యాజమాన్య కోటా వైపు అసలు చూడవద్దు. అవసరమైతే ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండానే బ్యాంకులు విద్యారుణం ఇస్తాయి. ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వస్తే, 8 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాలకు పీఎం విద్యాలక్ష్మి పథకం కింద 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ రుణాలకు మామగారి ఇల్లు అక్కరలేదు.

మీ వారితో మాట్లాడేటప్పుడు ఆయనను తప్పుపట్టవద్దు. గిరాకీ లేక రోజంతా ఖాళీ దుకాణంలో కూర్చుని వచ్చిన మనిషికి ఏ ఖర్చు విన్నా భయమే వేస్తుంది, కూతురి పెళ్లి త్వరగా చేస్తే ఒక బాధ్యత తీరుతుందనిపిస్తుంది. పై లెక్కలను ఒక కాగితం మీద రాసి చూపండి. అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టండి, చెల్లెలి చదువు ఖర్చు తన అప్పులో ఎన్నో వంతో అతనూ చూడాలి.

ఆలోగా చేయవలసిన పని ఒకటుంది. మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. గిరాకీ బాగున్న రోజుల నాటి పాత పత్రం ఇంట్లో ఉంటే దాన్ని పక్కన పెట్టి, తగ్గిన ఈ ఏడాది ఆదాయంతో, ఆదాయపు పన్ను రిటర్నుకు సరిపోయేలా కొత్తది తీసుకోండి. సీటు వచ్చాక పత్రాల కోసం తిరిగితే ఫీజు రాయితీ గడువు దాటిపోయే ప్రమాదం ఉంది.