విశాఖ ప్రయాణం: బ్యాగులో ముక్కవాసన రాకుండా

పోయినసారి విశాఖ వెళ్లినప్పుడు నాలుగు రోజులకే బట్టలన్నీ ముక్కవాసన వచ్చాయన్నారు కదా, కారణం జీన్సులే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, మందపాటి గుడ్డ రాత్రంతా ఆరేసినా ఆరదు.

1. జీన్సు ఒక్కటి చాలు, అదీ రైల్లో వేసుకోండి. మిగతావి పల్చటి నూలు చొక్కాలు, రోజుకు రెండు. టర్కీ టవల్ బదులు రెండు తుండుగుడ్డలు.

2. అందరూ మర్చిపోయేది ఇది: చెమట చొక్కాను కవర్లో కుక్కొద్దు. ఉతికి, పొడి తుండులో చుట్టి గట్టిగా మెలితిప్పండి, నీళ్లను తుండు పీల్చుకుంటుంది. తర్వాత బాల్కనీలో కాదు, ఏసీ గదిలో ఫ్యాన్ కింద ఆరేయండి. ఏసీ గాలిలో తేమను లాగేస్తుంది.

3. మడతపెట్టేముందు కాలరు, చంక కుట్టు తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

4. బీచికి రబ్బరు చెప్పులు. తోలువి తడిస్తే బూజు పడతాయి.