స్కాన్ నార్మల్ వచ్చినా తలనొప్పి తగ్గడం లేదు, ఇంకెవరికి చూపించాలి?

కంటి డాక్టరుకి చూపించండి. కళ్ళజోడు నంబరు కోసం కాదు, చుక్కల మందు వేయించుకుని కంటి వెనక నరం చూపించుకోవడానికి. స్కాన్ బాగానే ఉంది, మైగ్రేన్ మాత్రలు వాడుతున్నాను, అయినా రోజూ నొప్పే అని రాశారు. మా చెల్లిది అచ్చం ఇదే కథ.

తనకి పొద్దున్న లేస్తూనే తల దిమ్ముగా ఉండేది. ముగ్గు వేసి నడుం ఎత్తగానే కాసేపు రెండు కళ్ళకీ ఏమీ కనిపించేది కాదు. రాత్రి పడుకుంటే చెవిలో నాడి కొట్టుకుంటున్నట్టు ఒకటే హోరు. కళ్ళు చీకట్లు కమ్మితే రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, చెవికి చుక్కలు, తలకి మైగ్రేన్ మాత్రలు ఇచ్చారు. మూడింటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. స్కాన్‌లో గడ్డ లేదు కాబట్టి "టెన్షన్ తగ్గించుకోమ్మా" అని పంపేశారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చివరికి అద్దాలు మార్పించడానికి వెళ్తే, అక్కడి కంటి డాక్టరు రెండు కళ్ళలోనూ నరం వాచిందని చెప్పి ఆ రోజే న్యూరాలజిస్టు దగ్గరికి పంపారు.

మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టలేదని ఇంకో స్కాన్‌లో తేలాక, వెన్నులో నీరు తీసి ప్రెషర్ చూడాలన్నారు. మా మేనత్త ఫోన్ చేసి "వెన్నులో సూది పొడిస్తే కాళ్ళు పడిపోతాయే, సంతకం పెట్టొద్దు" అని ఒకటే గోల. అమ్మ ఏడుపు. వెన్నుపాము పైనే ఆగిపోతుందనీ, సూది వేసేది అంతకంటే కిందననీ డాక్టరు ఓపిగ్గా చెప్పాకే సంతకం పెట్టాం. చెల్లి పక్కకి తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సూదికి తగిలించిన సన్నటి గొట్టంలో నీరు పైకి ఎక్కుతూ పోయింది. పెద్దవాళ్ళలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ కింద లెక్క. మా దానిది 36. "ఎంతక్కా?" అంది. చెప్పాను. "అయితే నాకు నిజంగానే ఏదో ఉంది కదా" అని ఏడ్చింది. అన్నాళ్ళూ ఇంట్లో కూడా ఎవరూ నమ్మలేదు మరి.

ఈ జబ్బు పేరు ఇడియోపతిక్ ఇంట్రాక్రేనియల్ హైపర్‌టెన్షన్. గడ్డ లేకుండానే పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది, పట్టించుకోకపోతే చూపు పోతుంది. ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో, బరువు ఎక్కువున్న ఆడవాళ్ళకి వస్తుంది. 2014లో అమెరికాలో వచ్చిన పెద్ద ట్రయల్‌లో 165 మంది ఉంటే 161 మంది ఆడవాళ్ళే. ఆహార నియమంతో పాటు ఎసిటజోలమైడ్ మాత్ర వాడినవాళ్ళకి చూపు మరికాస్త బాగుపడింది. కానీ తలనొప్పి విషయంలో ఆ మాత్రకీ ఉత్తుత్తి మాత్రకీ తేడా రాలేదు. నొప్పి తీవ్రత ప్రెషర్ అంకెను బట్టి కూడా లేదు. ఇది మన డాక్టర్లందరూ గోడకి అంటించుకోవాల్సిన విషయం. చెల్లికి నరం వాపు తగ్గాక కూడా తలనొప్పి ఉంటే, చుట్టాలు మళ్ళీ నాటకం అన్నారు. దానికి విడిగా మైగ్రేన్ వైద్యం చేస్తేనే నెమ్మదించింది. కాబట్టి మీకు మైగ్రేన్ అన్నది కూడా తప్పు కాకపోవచ్చు. రెండూ కలిసి ఉండొచ్చు.

బరువు సంగతి. తగ్గితే ఒత్తిడి తగ్గుతుందన్నది నిజమే. 2010లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ డాక్టర్లు 25 మంది ఆడవాళ్ళకి రోజుకి 425 క్యాలరీల ఆహారం మూడు నెలలు ఇచ్చి ఆ సంగతి చూపించారు. అంటే అది మందంత పెద్ద వైద్యం, పక్కన ఉండి చేయించాలి. చీటీ చివర "బరువు తగ్గాలి" అని రాసి తర్వాతి పేషెంటుని పిలవడం వైద్యం కాదు. ఆ దేశంలోనే 2023లో షుగరు మందు ఎక్సెనటైడ్‌తో చిన్న ట్రయల్ చేస్తే ఒత్తిడి తగ్గింది. ఇలాంటివి హైదరాబాద్‌లో, విశాఖలో, మన తిండి తినే ఆడవాళ్ళతో పెద్ద ఎత్తున జరగాలని నా కోరిక.

మొటిమలకి డాక్సీసైక్లిన్ లాంటివి గానీ, విటమిన్ ఎ మాత్రలు గానీ వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, వాటి వల్ల కూడా ఈ ఒత్తిడి పెరగొచ్చు. వంగి లేచినప్పుడు కళ్ళు చీకట్లు కమ్ముతుంటే రేపటిదాకా ఆగకండి. చుక్కల మందు వేశాక కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి మీరు నడపకుండా ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి.