జర్మనీ వెళ్లే అమ్మాయికి ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలి?

అమలాపురం నుంచి ఎంఎస్‌కి జర్మనీ వెళ్తున్న మీ అమ్మాయికి, ఇంటర్నెట్ వాడకానికి ల్యాప్‌టాప్ ఇక్కడ కొనాలా, అక్కడ కొనుక్కోమనాలా అని అడిగారు. ఇక్కడే కొనండి. కారణం కీబోర్డు. జర్మనీ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయండి, గుర్తులూ వేరే చోట ఉంటాయి. అలవాటయ్యేదాకా పాస్‌వర్డు కొట్టడమే కష్టమవుతుంది.

బ్రౌజింగ్, ఇంటికి వీడియో కాల్స్ వరకే అయితే 8 జీబీ ర్యామ్ (పని చేస్తున్నప్పుడు వాడే మెమరీ) చాలు. నాలుగేళ్లు వాడాలంటే 16 తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కన్నా వేగంగా పనిచేసే స్టోరేజీ) తప్పనిసరి, బరువు కిలోన్నర లోపు చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి డబ్బు పెట్టొద్దు. ఇంట్లో ఉన్న పాతదే ఇచ్చి పంపేట్టయితే, విండోస్ 11 ఎక్కుతుందో లేదో ముందే చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. బ్యాంకు పనులు చేసుకునే మెషీన్‌కి అది ప్రమాదం.

అన్నిటికన్నా ముఖ్యం వారంటీ. మా తమ్ముడికి భీమవరంలో కొనిచ్చాం. జర్మనీ వెళ్లిన ఆరో నెలలో స్క్రీన్ పోతే, ఈ వారంటీ ఇండియాలోనే చెల్లుతుందన్నారు. కార్డు వెనక సన్నటి అక్షరాల్లో అదే రాసుంది, మేం చదవలేదు. మీరు డబ్బు కట్టకముందే అంతర్జాతీయ వారంటీ ఉందో లేదో చదివి చూసుకోండి.

ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే అక్కడి కరెంటుకి ఇబ్బంది లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు మాత్రం అక్కడి సాకెట్‌లో దూరదు. ఛార్జర్ మార్చక్కర్లేదు, గోడకి పెట్టే వైరు ఊడొచ్చేదైతే అదొక్కటీ అక్కడ కొనుక్కుంటే సరిపోతుంది. ప్రయాణంలో ల్యాప్‌టాప్ చేతి బ్యాగులోనే పెట్టమనండి.