హాస్టల్‌కు వెళ్ళేముందు కుక్కపిల్లా?

పెంపుడు జంతువుల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు మా పశువైద్యుల జవాబులు. కాలేజీ చేరికల రోజులు కావడంతో ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే విషయం చుట్టూ తిరిగాయి.

ప్రశ్న: ఇంటర్ అయిపోయింది. ఆగస్టు మూడోవారంలో హైదరాబాద్‌లో బీటెక్‌లో చేరుతున్నాను, ఉండేది హాస్టల్లోనే. చిన్నప్పటి నుంచీ కుక్కను పెంచాలని కోరిక. ఇంటర్ అయ్యేదాకా వద్దన్న ఇంట్లోవాళ్ళు ఇప్పుడు సరేనన్నారు. మా వీధిలోనే ఒకరి దగ్గర నలభై ఐదు రోజుల లాబ్రడార్ పిల్లలు ఉన్నాయి. నేను వెళ్ళాక అమ్మకు తోడుగా ఉంటుందని నా ఆశ. నాన్న పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రికి వస్తారు. తమ్ముడు తొమ్మిదో తరగతి. తెచ్చుకోవచ్చా?
– ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: పేరు మీరు పెడతారు, పెంచేది మాత్రం మీ అమ్మగారే. క్యాలెండర్ ముందు పెట్టుకుని చూస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

నలభై ఐదు రోజుల పిల్లను తేవద్దు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లల అమ్మకం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషేధం. తల్లితో, తోబుట్టువులతో ఆడుకుంటేనే ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్ళకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం మీ చేతుల మీద, తమ్ముడి కాళ్ళ మీద నేర్చుకుంటుంది.

ఎనిమిది వారాలు నిండాక జూన్ రెండోవారంలో తెచ్చారనుకుందాం. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు కలిపి వేసే టీకా మొదటి డోసు అప్పుడే. రెండోది పన్నెండు వారాలకు, అంటే జులైలో. రేబిస్ టీకా కూడా ఆ వయసులోనే మొదలవుతుంది. మూడో డోసు పదహారు వారాలకు, అంటే ఆగస్టు మొదటివారంలో. అది వేసిన రెండు వారాల దాకా వీధి కుక్కలు తిరిగే చోట పిల్లను కింద దింపకూడదు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. అంటే మీ కుక్క మొదటిసారి రోడ్డు మీద నడిచేది ఆగస్టు మూడో వారం తర్వాత. సరిగ్గా మీరు పెట్టె సర్దుకునే రోజులు.

అప్పటికి దాని వయసు నాలుగు నెలలు దాటుతుంది. పాలపళ్ళు ఊడుతుంటాయి, చిగుళ్ళ దురదకు చెప్పులు, తలుపు అంచులు, ఛార్జర్ తీగలు అన్నీ కొరుకుతుంది. ఆరో నెల నుంచి మొండితనం మొదలవుతుంది. అంతకుముందు పిలిస్తే వచ్చిన పిల్ల వినిపించనట్టే ఉంటుంది. ఏడాదికల్లా పాతిక నుంచి ముప్ఫై కిలోలు తూగుతుంది. లీష్ (మెడపట్టీకి కట్టి పట్టుకునే తాడు) లాగకుండా నడవడం ఈ నెలల్లోనే నేర్పాలి. నేర్పకపోతే పిల్లిని చూసి ఒక్క లాగు లాగితే మీ అమ్మగారు పడిపోతారు. ముద్దుగా ఉండే పది వారాలు మీవి, కష్టమైన ఎనిమిది నెలలు ఆవిడవి. ఇలా వచ్చిన కుక్కలే ఏడాది తిరక్కుండా మేడ మీద గొలుసుకు చేరతాయి. మేము గట్టిగా చెబుతున్నది అందుకే.

‘అమ్మకు తోడు’ అన్న మాట దగ్గర కూడా కాసేపు ఆగండి. తోడు కావాలని ఆవిడ అడిగారా, మీరు అనుకున్నారా? నాన్న, తమ్ముడు లేనప్పుడు ఆవిడను ఒంటరిగా అడగండి. ‘నీ ఇష్టం’ అంటే ఒప్పుకున్నట్టు కాదు.

అడిగాక పద్నాలుగు రోజులు కుక్క లేకుండానే పెంచి చూడండి. పనంతా ఇంట్లో మిగిలేవాళ్ళే చేయాలి, మీరు చేయి పెట్టకూడదు. ఐదున్నరకు లేచి ఇరవై నిమిషాలు నడక. ఎనిమిది వారాల పిల్లకు రోజుకు నాలుగుసార్లు తిండి కాబట్టి ఏడు, పదకొండు, మూడు, ఏడు గంటలకు అలారం. నిద్ర లేచాక, తిన్నాక, ఆడాక, ఇవి కాకుండా ప్రతి రెండు గంటలకూ ఒకసారి మూత్రానికి పెరట్లోకి తీసుకెళ్ళాలి కాబట్టి అన్నిసార్లూ లేచి తలుపు తీసి రావాలి. రాత్రి రెండింటికి ఒకసారి. సాయంత్రం మళ్ళీ నడక. పెళ్ళికో ఊరికో వెళ్ళాల్సి వస్తే కుక్కను ఎవరు చూస్తారో ఒక పేరు కాగితం మీద రాయండి. ఆ పేరుగల మనిషిని ముందే అడగండి. పద్నాలుగో రోజున కూడా అమ్మగారు హుషారుగానే ఉంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఐదో రోజుకే అలారం ఆపేశారంటే జవాబు వచ్చేసినట్టే, ఆవిడను తప్పు పట్టకండి.

తేవాలనే తేలితే మొదటి రోజు నుంచే కుక్క ఆవిడ మనిషి కావాలి. గిన్నె పెట్టేది, మెడపట్టీ వేసేది, పిలిచి తినుబండారం ఇచ్చేది ఆవిడే. మీ మంచం పక్కన పడుకోబెట్టుకోకండి. అలా అలవాటు చేస్తే మీరు వెళ్ళిన రాత్రి నుంచి అది ఏడుస్తుంది. తెచ్చిన వారం నుంచే రోజూ కొద్ది నిమిషాలు ఒంటరిగా ఉంచడం నేర్పండి. ఒక నిమిషం, ఐదు, పదిహేను, అలా గంట దాకా.

తిండి విషయంలో మన ఇళ్ళలో జరిగే పొరపాటు పెరుగన్నం. అదొక్కటే పెడితే మాంసకృత్తులు, కాల్షియం చాలక కాళ్ళు వంకర పోతాయి. కుక్కపిల్లల కోసం తయారుచేసిన పూర్తి ఆహారం పెడుతుంటే మాత్రం పైన కాల్షియం టానిక్ పోయకండి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతుల్లో కాల్షియం ఎక్కువైనా ఎముకలు చెడతాయి. ఇల్లంతా నున్నటి టైల్స్ అయితే పిల్ల తిరిగే చోట గోనెపట్టాలో రబ్బరు చాపలో పరవండి, జారుతూ పెరిగితే తుంటి కీళ్ళ మీద భారం పడుతుంది. నట్టల మందు మూడు నెలల వయసు దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి. పిడుదుల మాత్రలు బరువును బట్టి ఇస్తారు. వెళ్ళేముందు అమ్మకు శ్రమ లేకుండా ఆరు నెలలకు సరిపడా కొని పెడదామనుకోకండి, రెండు నెలలకే ఆ డోసు చాలకుండా పోతుంది.

మీ పరిస్థితికి మా సలహా వేరే ఉంది. ఇప్పుడు ఆగండి. దసరా సెలవులకు ఇంటికి వచ్చాక, అమ్మగారికి నిజంగా ఇష్టమైతే, రెండు మూడేళ్ళ నాటు కుక్కను దత్తత తెచ్చుకోండి. ఎంచుకునేది ఆవిడే. హైదరాబాద్‌లోని బ్లూ క్రాస్ లాంటి సంస్థల్లో దత్తతకు ఎదురుచూసే పెద్ద కుక్కలు ఉంటాయి. పళ్ళు వచ్చేశాయి, బరువు తేలిపోయింది, స్వభావం కళ్ళముందే కనిపిస్తుంది. లీష్ చేతికి తీసుకుని పది నిమిషాలు నడిపించి చూస్తే ఆవిడకే తెలిసిపోతుంది. పదిహేను ఇరవై కిలోల కుక్క, మన ఎండలకు తట్టుకునే ఒళ్ళు. టీకాల కార్డు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కాగితం అడిగి తీసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి చదువు కోసం పది రోజుల కిందట చెన్నై వెళ్ళింది. రెండేళ్ళ పామెరేనియన్‌ను వదిలి వెళ్ళింది. అప్పటి నుంచి సరిగా తినడం లేదు, గుమ్మం దగ్గరే పడుకుంటోంది, గేటు చప్పుడైతే అరుస్తోంది. బెంగ పెట్టుకుందని అందరూ అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ గృహిణి, కాకినాడ

జవాబు: బెంగ అని తేల్చేముందు రక్తపరీక్ష చేయించండమ్మా. పిడుదుల వల్ల వచ్చే జ్వరం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. తిండి మానేస్తుంది, ఒక మూల పడుకుంటుంది. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది కాబట్టి థర్మామీటరుతోనే చూడాలి. పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. తెల్లబడినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్లేట్‌లెట్ల లెక్క తప్పక చేయించమనండి. చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో పిడుదులు దాక్కుంటాయి, అక్కడ వెతకండి. జ్వరం ఉందని ఇంట్లో ఉన్న పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ ఇవ్వకండి, కాలేయం, కిడ్నీలు దెబ్బతింటాయి.

పరీక్షల్లో ఏమీ లేదంటే అప్పుడు అది బెంగే. గిన్నె పెట్టి ఇరవై నిమిషాలు చూసి తీసేయండి, మళ్ళీ వేళకే పెట్టండి. వెంటపడి ముద్దలు తినిపిస్తే తినకపోతే గారాబం చేస్తారని నేర్చుకుంటుంది. అమ్మాయి నడిపించిన వేళకే మీరూ బయటికి తీసుకెళ్ళండి, దారిలో ఎంతసేపు వాసన చూసినా లాగకండి. వాసన చూడటమే దానికి మనసు తేలికపడే పని. అమ్మాయి వాడిన, ఉతకని చున్నీ ఒకటి దాని పక్కలో వేయండి. వీడియో కాల్‌లో గొంతు విని కొన్ని కుక్కలు తోక ఊపుతాయి, కొన్ని ఇల్లంతా వెతికి ఏడుస్తాయి. మీది రెండో రకమైతే కాల్ పక్క గదిలో మాట్లాడండి.

సంక్రాంతికి అమ్మాయి వచ్చినప్పుడు ఇంకో పని చేయమనండి. సూట్‌కేసు తీసి, గేటు దాకా వెళ్ళి, తిరిగి రావాలి. రోజుకు నాలుగైదుసార్లు. సూట్‌కేసు కనబడితే మనిషి మాయమవుతుందన్న లెక్క అలా తెగిపోతుంది. వెళ్ళే రోజున కౌగిలించుకుని ఏడవకుండా, కుక్క ఏదైనా కొరుకుతూ ఉండగా మామూలుగా వెళ్ళిపోవాలి.

ప్రశ్న: విజయవాడలో కాలేజీ పక్కన నలుగురు స్నేహితులం ఫ్లాట్ తీసుకున్నాం. కింద పార్కింగ్‌లో తల్లిలేని పిల్లిపిల్ల ఉంది, రెండు నెలలు ఉంటాయి. నలుగురం కలిసి పెంచుకోవచ్చా?
– ఓ విద్యార్థి, గుంటూరు

జవాబు: నలుగురి పిల్లి అంటే ఎవరిదీ కాని పిల్లి. ఒక్కరి పేరు రాయండి. చదువయ్యాక దాన్ని వెంట తీసుకెళ్ళేది ఆ ఒక్కరే. పిల్లి పదిహేనేళ్ళు బతుకుతుంది, మీ కోర్సు నాలుగేళ్ళు. ఇంటి యజమాని ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. సంక్రాంతికి నలుగురూ ఊళ్ళకు వెళ్తారు కదా, ఆ వారం ఎవరు చూస్తారో కూడా ఇప్పుడే తేల్చండి. ఆ పేరు రాసే ధైర్యం ఎవరికీ లేకపోతే దత్తతకు ఇల్లు వెతికి ఇవ్వండి, అదీ మేలే.

పెంచేటట్టయితే కొన్ని ప్రమాదాలు ముందే తెలియాలి. బ్రహ్మచారుల ఫ్లాట్‌లో నేల తుడిచేది ఫినాయిల్‌తో. పిల్లి తడి నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, ఆ మందును దాని కాలేయం విరగ్గొట్టలేదు. సబ్బునీళ్ళతో తుడవండి. కుక్కల పిడుదులకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి పూస్తే మూర్ఛలు వచ్చి చచ్చిపోతుంది, షాపువాడు ఏం చెప్పినా వాడకండి. బాల్కనీకి, కిటికీలకు వల కట్టించకుండా పై అంతస్తులో పిల్లిని ఉంచకండి. పాలన్నం దానికి చాలదు. టారిన్ అనే పోషకం మాంసాహారంలోనే దొరుకుతుంది, అది లేకపోతే గుండె, కళ్ళు పాడవుతాయి. చాలా పిల్లులకు పాలు విరేచనాలు తెస్తాయి కూడా.

ఇప్పుడే మొదటి టీకా, నాలుగు వారాలకు రెండోది, మూడు నెలలు నిండాక రేబిస్. ఐదారు నెలలకల్లా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. ఆడపిల్లి అయితే ఆ వయసుకే ఎదకు వస్తుంది, తొమ్మిది వారాల్లో ఈనుతుంది. ఇసుక ట్రే వంటగదికి దూరంగా పెట్టి రోజూ ఎత్తిపోయండి. ఒక్కరోజు మానేస్తే పరుపు మీద పోస్తుంది. టీకా పూర్తికాకముందు గోరు గీసుకుని రక్తం వచ్చినా, కొరికినా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: హాస్టల్ గదిలో చిన్న గాజు గిన్నెలో ఒక ఫైటర్ చేప పెట్టుకోవచ్చా? – తిరుపతి

జవాబు: వార్డెన్ ఒప్పుకుంటే పెట్టుకోవచ్చు, గిన్నెలో మాత్రం వద్దు. కనీసం పదిహేను లీటర్ల తొట్టి, పైన మూత, చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఉండాలి. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, విరుగుడు చుక్కలు వేశాకే పోయాలి. వారానికోసారి నాలుగోవంతు నీళ్ళు మార్చండి, అంతా ఒకేసారి మార్చితే మురికిని తినే మేలు బ్యాక్టీరియా పోయి అమ్మోనియా పెరుగుతుంది. సెలవులకు ఊరెళ్తూ గుప్పెడు మేత వేసి వెళ్ళడం వల్లే ఎక్కువ చేపలు చస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మూడు నాలుగు రోజులు పస్తు ఉండగలదు. నెలరోజుల సెలవులైతే చేపను ముందే ఎవరికైనా అప్పగించాలి.

ప్రశ్న: కుక్క, పిల్లి కుదరవు. రామచిలుకనో, నక్షత్ర తాబేలునో తెచ్చి ఇంట్లో చెల్లెలికి ఇచ్చి వెళ్దామనుకుంటున్నాను. – కర్నూలు

జవాబు: రెండూ నేరమే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రెండింటికీ రక్షణ ఉంది. కొన్నా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా కేసు అవుతుంది. ఇప్పటికే ఇంట్లో ఉంటే తోటలో వదిలేయకండి. పంజరంలో పెరిగిన చిలుక బయట మేత వెతుక్కోలేదు, కాకులు పొడిచి చంపుతాయి. అటవీశాఖ అధికారులకు చెప్పి అప్పగించండి.