తీగ లేకుండా మాట రేడియోకు ఎలా చేరుతుంది?
ప్రసార యాంటెన్నాలో విద్యుత్ ప్రవాహం అతివేగంగా దిశ మార్చుకుంటున్నప్పుడు విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి పుట్టిస్తూ, ఏ మాధ్యమమూ అవసరం లేకుండానే, సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో తరంగాలుగా వ్యాపిస్తాయి. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ గణితంతో ఊహించిన ఈ తరంగాలను మరో శాస్త్రవేత్త హెర్ట్జ్ 1887-88లో ప్రయోగాలతో నిరూపించాడు.

అయితే మార్పులేని తరంగం ఏ మాటనూ మోయలేదు. అసలు కీలకం మాడ్యులేషన్, అంటే మాటకు తగ్గట్టు తరంగాన్ని మార్చడం. 100 మెగాహెర్ట్జ్‌పై ప్రసారమయ్యే ఎఫ్ఎం కేంద్రం, గొంతులోని హెచ్చుతగ్గులను అనుసరించి ఆ పౌనఃపున్యాన్ని (సెకనుకు కంపనాల సంఖ్యను) స్వల్పంగా పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ తరంగం తాకగానే రేడియో యాంటెన్నాలోని ఎలక్ట్రాన్లు అదే లయలో కదిలి అతి బలహీనమైన విద్యుత్తును కలిగిస్తాయి. ట్యూనింగ్ వలయం కావలసిన పౌనఃపున్యాన్ని మాత్రమే ఎంచుకోగా, రిసీవర్ దాని బలాన్ని పెంచి, అందులోని మార్పులను తిరిగి ధ్వనిగా మారుస్తుంది.